పోయినవారి పుట్టినదినములు

ఆగస్టు నెల 29వ తేదీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పుట్టిన దినము. 1863వ సంవత్సరమున జన్మించిన ఆ మహనీయుని పేర ఆంధ్రప్రదేశమున ఆ దినమును తెలుగు భాషా దినోత్సవముగా జరుపుట వాడుక యైనది. క్రిందటి యేడు మా పాఠశాలలో ఆ యుత్సవమును నడపు భారము నాపై బడెను. పటమునకు బంతిపూల దండ వేసితిమి. గుమ్మమునకు మామిడాకులు కట్టితిమి. వేదిక వెనుక కట్టిన ఫ్లెక్సీపై పంతులుగారి మొగముకంటె దానిని కట్టించిన పెద్దమనుష్యుల మొగములు పెద్దవిగా అచ్చుపడియుండెను. ముఖ్యోపన్యాసకులు గంటకు పైగా మాటలాడిరి. పిల్లలు ఎండలో కూర్చుండి, పటమువంక గాక, బల్లక్రింద నుంచిన మిఠాయి బుట్టవంక చూచుచుండిరి. వారిని తప్పు పట్టుటకు నాకు నోరు రాలేదు. నేనును రెండు మాఱులు గడియారమువంక చూచితిని.

సభ ముగిసిన పిదప ఎనిమిదవ తరగతి బాలిక యొకతె నా యొద్దకు వచ్చి, “మాస్టారూ, మా తాతగారికి తద్దినం పెడతారు గాని పుట్టినరోజు చెయ్యరు. ఈయనకి పుట్టినరోజు చేస్తున్నారే, మరి తద్దినం ఎవరు పెడతారు?” అని యడిగినది. ప్రక్కనున్న యుపాధ్యాయులు నవ్విరి. నేనును నవ్వితిని. ఆ బిడ్డ తెలియక యడిగినదని మేమనుకొంటిమి. ఇంటికి వచ్చి ఆలోచించినకొలదిని, తెలియనివారము మేమే యని నాకు తోచెను. పోయినవానికి పుట్టినదినము చేయుట యననేమి? దాని నెక్కడ నేర్చితిమి? చేయుటవలన పోయినవానికి గాని యున్నవారికి గాని కలుగుచున్న దేమి? ఈ ప్రశ్నలను విమర్శించుటకే యీ వ్యాసము.

మన పూర్వులకు ఈ విషయమున సందేహము లేదు. బ్రదికియున్నవానికి జన్మనక్షత్రము, పోయినవానికి మృతతిథి యని వారు పంచి పెట్టిరి. ఏటేట జన్మనక్షత్రము వచ్చిన దినమున చేయవలసిన అబ్దపూర్తి విధి యొకటి కలదు. దానికే వర్ధాపనమని పేరు. అందు మార్కండేయుని, మఱియు అశ్వత్థామ బలి వ్యాస హనుమద్విభీషణ కృప పరశురాములను చిరంజీవులను పూజించి, నువ్వులును బెల్లమును కలిపిన పాలు త్రాగి దీర్ఘాయువును కోరుకొందురు. కోరుకొనువాడు బ్రదికియుండవలెను గదా! పోయినవానికి ఆ క్రియ పొసగదు. నువ్వులు రెండు చోట్లను కలవు. ఉన్నవానికి పాలలో, పోయినవానికి నీళ్లలో.

ఇక జయంతి యను మాట. శ్రావణ బహుళాష్టమి రోహిణీ నక్షత్రముతో కూడినప్పుడు ఆ యోగమునకు జయంతి యని ధర్మశాస్త్రకారులు పేరిడిరి. అనగా అది మొదట శ్రీకృష్ణుని పుట్టువునకు సంబంధించిన కాలవిశేషము. పిదప నృసింహ జయంతి, వామన జయంతి, హనుమజ్జయంతి యని తక్కిన దేవతలకు వ్యాపించెను. శంకరుల వంటి ఆచార్యులకును వచ్చెను. శ్రీరామనవమినాడు పందిట పానకము త్రాగువారిలో నెవరును శ్రీరాముడు ఏనాడు పోయెనని యడుగరు. దేవునకు పుట్టుకయే పండుగ. పోవుట యన్న మాట లేదు గనుక తద్దినమును లేదు.

ఇంతకంటె వింతయైనది వర్ధంతి. వృధ్ ధాతువునకు పెరుగుట యని యర్థము. మన పొరుగున కన్నడిగులు వర్ధంతి యనగా పుట్టినదినమనియే గ్రహింతురు. మైసూరు మహారాజుల జన్మదినోత్సవములకు అదియే పేరు. మనము మాత్రము ఆ మాటను చావునకు కట్టిపెట్టితిమి. తెలుగువాడొకడు బెంగుళూరు పోయి, కన్నడ మిత్రునితో “మీ తండ్రిగారి వర్ధంతి యెప్పుడు?” అని యడిగినచో, ఆ మిత్రుడు సంతోషించి విందునకు పిలువవచ్చును. చావును చావని చెప్పుటకు జంకి మంగళకరమైన మాటను వెదకుకొనుట మన కలవాటు. దీపము ఆఱెననము, కొండెక్కెనందుము. పుస్తెలత్రాడు తెగెననము, పెరిగెనందుము. వర్ధంతియు అట్టి పెరుగుటయే యై యుండునని నా యూహ. ఏమైనను, ఒక మనుష్యునకు జయంతి యనునప్పుడు మనము తెలిసియో తెలియకయో అతనిని దేవతల పంక్తిలో కూర్చుండబెట్టుచున్నాము. ఆ పంక్తిలో కూర్చున్నవారికి హారతి దొరకును. వారు చెప్పిన మాటకు ప్రత్యుత్తరము మాత్రము దొరకదు.

ఇంత చెప్పినందువలన, జయంతులు మాని తద్దినములే పెట్టుకొందమని నేను చెప్పుచున్నట్లు ఎవరైన తలపవచ్చును. అది నా యభిమతము కాదు. తద్దినమునందు మూడు తరములవారినే తలతురు: తండ్రి, తాత, ముత్తాత. తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. పేరు, గోత్రము, రూపము చెప్పి నీళ్లు వదలుదురు. అతడు శాంతుడో కోపియో, పాట పాడెడివాడో, అప్పులపాలైనవాడో మంత్రమున లేదు. కొడుకు కర్త. కూతురు పెండ్లితో వేఱు గోత్రమునకు పోయినది గనుక ఆమెకు అందు చోటు లేదు. నలువది యేండ్లు ఆయనతో కాపురము చేసిన యిల్లాలు తడిబట్టతో వంటయింట పొయ్యి యూదుచుండును. ఆయనను గుఱించి అందఱికంటె నెక్కువ తెలిసినది ఆమెకే; ఆనాడు నోరు మెదపుటకు వీలు లేనిదియు ఆమెయే. భోక్తలుగా కూర్చుండదగినవారికి కులనియమము సరేసరి. పుట్టినదినమునకు గోత్రము లేదు, మడి లేదు, కర్త లేడు. కూతురు రావచ్చును, కోడలు మాటలాడవచ్చును, ఏ కులపు స్నేహితుడైనను ప్రక్కన కూర్చుండవచ్చును. ఈ మాత్రమునకే పోయినవారి పుట్టినదినము తద్దినముకంటె మేలైన యాచారమని నేను నమ్ముచున్నాను. అట్టి మేలైనదానిని మనమే పాడుచేసికొనుచున్నాము గనుక విమర్శింపవలసివచ్చినది.

పాశ్చాత్యులలో సయితము పూర్వము మన పద్ధతియే యుండెను. క్రైస్తవులు తమ సత్పురుషులను వారు మరణించిన దినముననే తలంచెడివారు. మరణమునే స్వర్గమున పుట్టుకగా భావించి దానికి జన్మదినమని పేరు పెట్టిరి. బాప్తిస్మమిచ్చు యోహాను వంటి కొలదిమందికి మాత్రము భూమిపై పుట్టిన దినము కూడ పండుగయే. స్కాట్లండు కవి బర్న్సు కథ వినోదకరమైనది. 1801లో ఆయన స్నేహితులు ఆయన పుట్టిన యింట విందు చేసినది జూలై 21న, అనగా ఆయన పోయిన దినమున. మఱుసటి యేడు గ్రీనాకున ఒక సంఘమువారు జనవరి 29ని ఆయన పుట్టినదినమనుకొని విందు చేసిరి. పిదప చర్చి పుస్తకమును చూడగా అది 25 అని తేలినది. నేటికిని స్కాటులు ఎక్కడ నున్నను జనవరి 25 రాత్రియే విందు చేయుదురు. షేక్స్పియరు ఏనాడు పుట్టెనో యెవరికిని తెలియదు. 1564 ఏప్రిల్ 26న బాప్తిస్మము జరిగెనని మాత్రము వ్రాత కలదు. అయినను ఏప్రిల్ 23న పుట్టినదినము చేయుదురు. 1616లో ఆయన పోయినదియు 23వ తేదీయే గనుక, జయంతియు వర్ధంతియు ఒక్క ఖర్చుతో గడచిపోవుచున్నవి.

తేదీల సంగతి మనకును చిక్కే. మహారాష్ట్రమున శివాజీ పుట్టినది 1627లోనా 1630లోనా యని పండితులు చాలకాలము వాదించిరి. అచటి ప్రభుత్వము 1630 ఫిబ్రవరి 19ని నిశ్చయించినను తిథిని బట్టి వేఱొకనాడు జరుపువారు నేటికిని కలరు. మన వేమన యే శతాబ్దమువాడో పండితులలో ఏకాభిప్రాయము లేదు. బ్రౌను దొర వెదకి కూర్చి 1829లో అచ్చు వేయింపకున్నచో ఆయన పద్యములలో ఎన్ని మనకు మిగిలెడివో! అట్టివానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జనవరి 19ని జయంతిగా నిర్ణయించినది. ముహూర్తములను మూఢాచారములను అంతగా నెగతాళి చేసినవానికి మనము పుట్టినదినమును కల్పించి దండ వేయుచున్నాము! ఆయన యుండిన నేమనెడివాడో ఊహించుటకు పాండిత్యమక్కఱలేదు.

పుట్టినతేదీ లెట్లు పుట్టునో బడిపంతులకు తెలిసినట్లు మఱియొకరికి తెలియదు. జనన మరణములను నమోదు చేయుట దేశమంతట నిర్బంధముగా చేసిన చట్టము 1969 నాటిది. అంతకు ముందును, ఆ తరువాత చాలకాలమువఱకును, పల్లెలో పిల్లవానిని బడిలో చేర్ప వచ్చిన తండ్రికి తేదీ తెలియదు. “పెద్ద గాలివాన వచ్చిన యేడు”, “మా యెద్దు చచ్చిన యేటి తరువాతి యేడు” అని చెప్పెడివాడు. బడి తెఱచునాటికి అయిదేండ్లు నిండియుండవలెను గనుక, పంతులు వ్రేళ్లపై లెక్కించి జూన్ ఒకటియో జూలై ఒకటియో వ్రాసి పడవేసెడివాడు. నా చేతిలోనికి వచ్చిన పాత రిజిష్టరులలో ఒకే పుట యందు వరుసగా నలుగురైదుగురు ఒకే దినమున పుట్టియున్నారు. వీరిలో నొకడు రేపు మహానుభావు డైనచో, ఆ పంతులు వ్రేళ్ల లెక్కకు ఊరేగింపు జరుగును. ఇది నవ్వులాటకు చెప్పినమాట కాదు. తేదీ నిజమా కాదా యన్నది ముఖ్యము కాదనుటయే నా తాత్పర్యము. ఆ దినమున జరుగునదేమో అది ముఖ్యము.

జరుగునదేమి? మా గిడుగువారి సభనే తీసికొందము. ఉపన్యాసకులు వ్యావహారిక భాషోద్యమ పితామహుడని పదిమాఱులైన పలికిరి. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండి, తన చుట్టునున్న సవరల భాష నేర్చుకొని, ఆ భాషకు పుస్తకములు వ్రాసి, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించుటకు పాటుపడెనని చెప్పలేదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ముసలితనమున ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరెనని చెప్పలేదు. మా బడిలో కొండజాతి పిల్లలు పదునేడుగురు చదువుచున్నారు. వారిలో నొక్కడైనను, తన యింటిభాషను గౌరవించి నేర్చిన తెలుగు పంతులొకడుండెనని ఆనాడు వినియుండవలసినది. వినలేదు. పిల్లలకు అర్థము గాని సంస్కృత సమాసములతో వాడుకభాషను పొగడుట విని మిఠాయి తిని పోయిరి. ఈ వ్యాసము వ్రాయుచున్న నా తీరును జూచినచో పంతులుగారు నన్నును నిలదీసెడివారే. పండితులు తాము ప్రతిష్ఠించిన గ్రాంథికమునందే ఎన్నెన్ని తప్పులు వ్రాయుదురో ఏఱి చూపుటకు ఆయన ఒక గ్రంథమే వ్రాసెను. చిన్ననాట అబ్బిన చేతివాటము నన్ను విడువకున్నది, చదువరులు మన్నింతురుగాక.

దోషమెక్కడ నున్నదన, జయంతి సభ తద్దినపు మంత్రమునే వేఱు రూపమున చదువుచున్నది. పేరు, గోత్రము, రూపము అను చోట పేరు, బిరుదు, పటము వచ్చినవి. భోక్తలకు వస్త్రములిచ్చినట్లు ఉపన్యాసకులకు శాలువలు కప్పుచున్నారు. తృప్తులైతిరా యని యడుగుటకు మాఱుగా వందన సమర్పణము. పోయినవాడెట్టివాడో తద్దినమునందెంత తెలియునో యిచటను అంతే తెలియుచున్నది.

ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం పంతులుగారి జయంతి. సెప్టెంబరు 21న గురజాడ అప్పారావుగారి జయంతి. ఈ యిరువురి పటములను ఒకే బల్లపై నుంచి ఒకే దండతో పూజించుట చూచితిని. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము చేయించిన వీరేశలింగముగారి ధైర్యమును తలచినప్పుడెల్ల నాకు రోమాంచమగును. ఆయన వేశ్యల మేళములను ఖండించిన విధమునందు ఆ స్త్రీలయెడ దయ తక్కువ యనుటయు నిజమే. గురజాడవారు కన్యాశుల్కమున మధురవాణి యను వేశ్యకు ఆ నాటకములోని పెద్దమనుష్యులకంటె నెక్కువ బుద్ధిని, మానమును ఇచ్చిరి. ఒకే కాలమున, ఒకే సంస్కారమును కోరిన ఇరువురు తెలుగువారికి నడుమ నున్న ఈ భేదమును మించిన పాఠము మన యాడుబిడ్డలకేమి కలదు? దానిని ఏ జయంతియందును నేను వినలేదు. పటములు జగడమాడవు గదా!

ఇంకొకటి చెప్పెదను. తంజావూరి యాస్థానమున నుండిన ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనమును వీరేశలింగముగారు తమ కవుల చరిత్రమున మిక్కిలి కఠినముగా నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ మాటకు ఎదురాడి, వెదకి తెచ్చిన ప్రతులతో ఆ కావ్యమును 1910లో మరల అచ్చు వేయించెను. ప్రభుత్వము దానిని నిషేధించెను. నిషేధము తొలగుటకు మూడు దశాబ్దములకు పైగా పట్టెను. దేవదాసీ కులమున పుట్టిన ఆమె పురుషులు అడుగని ప్రశ్నను అడిగినది: ఒక స్త్రీ వ్రాసినదానికి సిగ్గుపడువారు, పురుషులు వ్రాసిన యంతకు మించినదానికి ఏల సిగ్గుపడరు? ఈ ప్రశ్నను వీరేశలింగ జయంతినాడు లేవనెత్తినచో ఆయనకు అవమానమగునని మనవారి భయము. తన కాలమున ప్రతి పెద్దమనుష్యునితోను వాదములాడిన మనిషికి వాదము అవమానమా? మొదట గ్రాంథికమును సమర్థించి, 1919లో తాను కన్నుమూయుటకు కొలది మాసములకు ముందు, వాడుకభాషకై యేర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షుడుగా నుండ నంగీకరించిన మనిషి ఆయన. డెబ్బదేండ్ల ముసలివాడు అభిప్రాయమును మార్చుకొనుటను మించి పిల్లలకు చెప్పదగిన కథ మఱేమున్నది? తప్పు లేనివానికి మార్చుకొనవలసినదే లేదు. కాబట్టి జయంతి సభలో ఆ కథకు తావు లేదు.

ఆ నాగరత్నమ్మయే తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధి చుట్టు ముండ్లపొదలు పెరిగి పాడుపడియుండగా, 1920 తరువాతి యేండ్లలో తన సొంత ధనముతో గుడి కట్టించెను. త్యాగరాజు 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందెను. అచట జరుగు నారాధనము పుట్టినదినము కాదు, ఆ తిథియే. గుడి కట్టించిన ఆమెకును, తక్కిన స్త్రీలకును ఆ యారాధనమున పాడుటకు అచటి పురుషులు చాలకాలము చోటియ్యలేదు. ఆమె స్త్రీలను కూర్చుకొని వేఱుగ పాడించెను. తుదకు 1940 ప్రాంతమున అందఱును కలిసిరి. ఇప్పటికిని ఆ దినమున వందలమంది కూర్చుండి పంచరత్న కీర్తనలను ఏకకంఠముగా పాడుదురు. అచట కూడ ఆడంబరము లేకపోలేదు. సంగీత విద్వాంసుల రాజకీయములు మనకు తెలియనివి కావు. అయినను ఒక గంటసేపు త్యాగరాజును గుఱించి యెవరును మాటలాడరు. ఆయన చేసినదానినే అందఱును చేయుదురు. పుట్టినదినమా పోయినదినమా యను భేదము అచట నా కంటికి కానరాదు.

గాంధీగారు ఈ మర్మమును బాగుగా నెఱుగుదురు. ఆయన బ్రదికియుండగనే గుజరాతీ పంచాంగమును బట్టి భాద్రపద బహుళ ద్వాదశినాడు ఆయన పుట్టినదినము జరుగుచుండెను. దానిని రాట్నపు ద్వాదశి యనిరి. ఆ దినమున రాట్నము త్రిప్పవలెనే కాని తనకు పూజలు వలదని ఆయన కోరిక. 1948 తరువాత ద్వాదశి మఱుగున పడి అక్టోబరు 2 మిగిలినది. ఆ దినము సెలవు. మద్యపు దుకాణములు మూసియుండును గనుక ముందటి సాయంకాలమే వాని యెదుట జనము బారులు తీఱి నిలిచియుందురు.

అన్ని జయంతులును ఒక్కటే యని వ్రాసినచో అన్యాయమగును. ఏప్రిల్ 14న అంబేద్కరుగారి జయంతి జరుగు పేటలకు నేను పోయితిని. సర్కారువారి సభకు కాదు, పేటలకు. అచట ఇండ్లకు సున్నము వేసికొని, పిల్లలకు క్రొత్తబట్టలు కట్టి, పిండివంటలు చేసికొందురు. చందాలు వారివే, దీపములు వారివే. మా యూరి పేటలో ఒక ముసలామె నాతో, “మాకు సంక్రాంతి అందరిదీ, ఇది మాది” అనినది. ఏ శాస్త్రము తమను పంక్తికి దూరముగా నుంచినదో ఆ శాస్త్రపు తిథులతో వారికేమి పని? 1891లో ఒక బిడ్డ పుట్టినందున తమ బ్రదుకు మాఱినదని నమ్మువారు ఆ పుట్టుకను పండుగ చేసికొనుట న్యాయమే గాక సహజము. జయంతి యను మాటకు ఇచట నిజముగానే గెలుపు అను నర్థము వచ్చినది. ఆ పేటలో సయితము ఆయన గ్రంథములను చదువువారు కొలదిమందియే యని విచారించిన యువకుడొకడు రాత్రి తొమ్మిది గంటలకు మైకు ఆపించి పది పుటలు చదివి వినిపించెను. సగముమంది లేచిపోయిరి. సగముమంది విని, రెండు ప్రశ్నలు వేసిరి. ఆ రెండు ప్రశ్నలను నేను మఱువలేదు.

ఇక మా యింటి సంగతి వ్రాయవచ్చునా యని చాల సంకోచించితిని. వ్రాయకున్నచో నేను నిందించిన ఉపన్యాసకులకును నాకును భేదముండదు.

మా తండ్రిగారు ముప్పదియాఱేండ్లు బడిపంతులు. 2016లో పోయిరి. మార్గశిరమున ఆయన తద్దినము నేను పెట్టుచున్నాను. నా సంస్కరణాభిమానము మా అమ్మ కన్నీటి యెదుట నిలువలేదు. ఆయన పుట్టినది రికార్డు ప్రకారము 1948 జూలై 1. అది ఏ ప్రధానోపాధ్యాయుని వ్రేళ్ల లెక్కయో చదువరులకు చెప్పనక్కఱలేదు. తొలకరి వాన మొదలై వంటయింటి కప్పు కారుచున్న రాత్రి పుట్టెనని మా నాయనమ్మ చెప్పెడిది. మా అమ్మాయికి పదునొకండేండ్లు. క్రిందటి యేడు అది, తాతగారి పుట్టినరోజు చేసితీఱవలెనని పట్టు పట్టినది. సరే యంటిని. జూలై 1న మా అక్క వచ్చినది. తద్దినమునాడు పెరటి యరుగుపై పరాయిదానివలె కూర్చుండు మా అక్క ఆనాడు తండ్రిగారి కుర్చీలో కూర్చున్నది. సేమ్యా పాయసము చేసిరి. ఆయన శిష్యులు ఇరువురు వచ్చిరి. ఒక్కొక్కరము ఒక్కొక్క సంగతి చెప్పవలెనని మా అమ్మాయి నియమము. పలక పగులగొట్టిన కథ, సైకిలు కథ అయినవి. శిష్యులు ఆయన ఇంటింటికి తిరిగి తల్లిదండ్రులను బ్రతిమాలి ఆడపిల్లలను బడికి తెచ్చిన సంగతి చెప్పిరి. అది నిజము. ఆయన పదవీ విరమణ సభలో అందఱును పొగడినదియు దానికే.

అప్పుడు మా అమ్మ మాటలాడెను. “నిజమే. ఊరంతా తిరిగి ఆడపిల్లల్ని బడికి తెచ్చారు. నాకూ టీచరు ట్రైనింగుకి వెళ్లాలని ఉండేది. దరఖాస్తు నింపి పోస్టులో వెయ్యమని ఆయన చేతికిచ్చాను. అడిగితే వేశానన్నారు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో దొరికింది.”

ఎవరును మాటలాడలేదు. మా అక్కకు కోపము వచ్చెను. “పోయినవారి మీద ఇప్పుడెందుకమ్మా ఆ మాటలు?” అనినది. “ఉన్నప్పుడు అనలేదు. తద్దినంనాడు వంట చేస్తూ ఏటేటా అనుకుంటాను. ఎవరితో అనను?” అని మా అమ్మ గ్లాసులు తీసికొని లోనికి పోయెను. శిష్యులలో పెద్దవాడు, తన చెల్లెలు ఆయన చలువవలననే ఉపాధ్యాయిని యైనదని మెల్లగా చెప్పెను. అదియు నిజమే. ఆ రెండు నిజములను ఒకే గదిలో నుంచుకొని మేము చాలసేపు కూర్చుంటిమి.

వారము దినములు నాకు మనసు కుదుటపడలేదు. పెట్టె తెఱచి ఆ దరఖాస్తును చూచితిని. మా అమ్మ దస్తూరి అంత ముద్దుగా నుండునని నేనెఱుగను. తపాలా బిళ్ల కూడ అతికించియున్నది. నేను నమ్మిన తండ్రి పోలేదు. ఆయన ప్రక్కన నాకు తెలియని మఱియొకరు వచ్చి కూర్చుండిరి. తొమ్మిది తద్దినములు పెట్టినను ఆయనను గుఱించి నాకు క్రొత్తగా తెలిసినది లేదు. ఒక్క పుట్టినదినమునకు తెలిసినది. పాయసము మిగిలిపోయెను.

మా అమ్మాయి ఒక నోటుపుస్తకమున ఆనాడు చెప్పినవన్నియు వ్రాసియుంచినది. దరఖాస్తు సంగతియు వ్రాసినది. తీసివేయుమని మా అక్క అడిగెను. నేను తీసివేయింపలేదు. వచ్చే యేటికి తేదీ వేయవలసిన చోట ఖాళీ విడిచి, “బామ్మా, మళ్లీ జూలై ఒకటేనా?” అని యడిగినది. “జూలై ఒకటి ఆ హెడ్మాస్టరుగారిది. తొలకరి పడిన రోజున చేసుకుందాం” అని మా అమ్మ చెప్పెను.

ఈ యేడు మా యూర తొలకరి జూన్ రెండవ వారమున సాయంకాలము పడెను. కబురు చేయకుండగనే మా అక్క బస్సు దిగి తడిసి వచ్చినది.